మహాతారల పుట్టుక

(విద్యార్థుల విజ్ఞాన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మార్గశిర మాసంలో ఒకనాటి రాత్రి భోజనాలైన తరువాత డాబా ఎక్కి తూర్పుదిక్కుకు చూడండి. ఇంచుమించు సమాన దూరంలో, ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. మన పల్లెల్లో వాటిని గొల్లకావడి అంటారు. పాశ్చాత్యులు ఈ తారాసమూహాన్ని ఓరియన్ అనే వేటగాడుగా ఊహించి, ఆ మూడు చుక్కలను అతని నడికట్టుగా భావించారు. మన పూర్వులకు దీనికి పైభాగాన లేడితల కనిపించింది. మృగశిర అనే పేరు అలా వచ్చింది. పౌర్ణమినాడు చంద్రుడు ఆ నక్షత్రం చెంత ఉంటాడు కనుక ఈ మాసానికి మార్గశిరమని పేరు.

నడికట్టుకు కొంచెం దక్షిణంగా, వేటగాడి కత్తి వేలాడే చోట, మరి కొన్ని మసక చుక్కలు ఉన్నవి. వాటిలో నడిమి దానిని నిదానంగా గమనించండి. అది చుక్కలాగా సూటిగా వెలగదు. పలక మీద సుద్దతో పెట్టిన చుక్కను తడిచేత్తో తుడిచినట్లు అలుక్కుపోయి ఉంటుంది. అదే ఓరియన్ నీహారిక. మననుండి దాని దూరం సుమారు 1350 కాంతి సంవత్సరాలు. వేంగిలో తూర్పు చాళుక్యులు రాజ్యం చేస్తున్న కాలంలో అక్కడ బయలుదేరిన వెలుగు ఈ రాత్రి మన కంటిని చేరుతున్నది.

చిన్న దూరదర్శినితో చూస్తే ఆ మసక వెలుగు నడుమ నాలుగు తారలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. నాలుగింటిలోను ఒక్కటే అసలు దీపం. దాని ద్రవ్యరాశి సూర్యునికి 30 నుండి 40 రెట్లు. ఉపరితలపు వేడి దాదాపు 39,000 డిగ్రీలు. కాంతి సూర్యకాంతికి లక్ష రెట్లకు పైమాట. నీహారికను వెలిగిస్తున్నది ప్రధానంగా దాని అతినీలలోహిత కిరణాలే. ఇటువంటి వాటిని ఈ ప్రసంగంలో మహాతారలు అంటాను. సూర్యునికి 8 రెట్లు లేదా అంతకు మించిన ద్రవ్యరాశి ఉన్న తారలకు శాస్త్రజ్ఞులు సాధారణంగా ఈ స్థానం ఇస్తారు.

కొంతకాలం క్రిందట ఒక కళాశాలలో నేను నక్షత్రాలను గురించి మాట్లాడినప్పుడు ఒక విద్యార్థిని లేచి ఒక ప్రశ్న వేసింది. "వాయువు కొంచెం ఉంటే చిన్న తార, ఎక్కువ ఉంటే పెద్ద తార పుడుతుంది కదండీ. ఇందులో తెలుసుకోవలసిన రహస్యం ఏముంది?" అని. సభలో కొందరు నవ్వారు. నవ్వవలసిన ప్రశ్న కాదది. దాదాపు 70 సంవత్సరాల క్రిందటి వరకు పండితులు కూడ దీన్ని ఆ రకంగానే తేలికగా తీసుకున్నారు. వాయువు ఎక్కువైనంత మాత్రాన పెద్ద తార ఎందుకు పుట్టదో చెప్పడమే ఈనాటి నా పని.

ముందుగా మేఘాన్ని గురించి రెండు మాటలు. తారలకు తారలకు నడుమ ఉన్న ప్రదేశం ఉత్త శూన్యం కాదు. అక్కడక్కడ అతిశీతలమైన వాయుమేఘాలు పరచుకొని ఉన్నవి. వాటిలో అత్యధిక భాగం ఉదజని, తరువాతిది హీలియం. వందపాళ్లలో ఒకపాలు మాత్రం ధూళి, అంటే పొగరేణువులంత సన్నని ఇసుక, మసి రేణువులు. ఈ ఒక్కపాలు ధూళిని జ్ఞాపకం పెట్టుకోండి. కథ దాని చుట్టూనే తిరుగుతుంది. మేఘం లోపలి వేడి సెంటీగ్రేడు మానంలో సున్నకు సుమారు 260 డిగ్రీలు దిగువన ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఘన సెంటీమీటరుకు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటే, ఆ మేఘంలో దట్టమైన చోటనైనా ఉండేవి కొన్ని వేలో, కొన్ని లక్షలో. అయినా మేఘం విస్తారమైనది కనుక, ఓరియన్ నీహారిక వెనుకనున్న మేఘంలో అనేక పదివేల సూర్యులకు చాలినంత సరుకు ఉన్నది.

ఇంత సరుకు తన బరువుకు తానే కుంగిపోక నిలిచి ఎలా ఉన్నది? ఇంగ్లండులో జేమ్స్ జీన్స్ 1902లోనే ఈ లెక్క వేశాడు. వాయువుకు వేడివలన కలిగే పీడనం దానిని బయటకు తోస్తుంది. గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది. నిర్ణీతమైన ఒక ద్రవ్యరాశిని దాటితే గురుత్వానిదే పైచేయి. కాని పీడనం ఒక్కటే అడ్డయితే ఈ మేఘాలు ఏనాడో కుంగి, మొత్తం తారలైపోవలసింది. మేఘంలోని సుడులు, అయస్కాంత క్షేత్రం కూడ దానిని నిలబెడుతున్నవి. ఆకాశంలో అంత దూరాన ఉన్న అయస్కాంత క్షేత్రపు బలాన్ని అంచనా కట్టడమెలాగో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, ఎన్రికో ఫెర్మీ కలిసి 1953లో చూపించారు. ధూళిరేణువులు క్షేత్రాన్ని అనుసరించి ఒకే వరుసలో నిలబడతాయి. వాటి మీదుగా వచ్చే తారాకాంతి ఒక ప్రత్యేక దిశలో కంపిస్తుంది. ఆ దిశ ఎక్కడెక్కడ ఎంత చెదిరిందో చూసి క్షేత్రబలాన్ని కట్టవచ్చు. లాహోరులో పుట్టి, మద్రాసులో చదివి, షికాగోలో పనిచేసిన ఆ మహాశయుని పేరు తెల్లమరుగుజ్జు తారల సందర్భంలోనే మనకు ఎక్కువగా వినిపిస్తుంది. మేఘాలను పరిశోధించేవారు ఈ పద్ధతిని ఈనాటికీ రోజువారీ పనిముట్టుగా వాడుతున్నారు.

ఏ కారణం చేతనైనా మేఘంలో ఒక ముద్ద కుంగడం ఆరంభిస్తే, సూర్యునివంటి తార పుట్టుక నెమ్మదిగా సాగే వ్యవహారం. నడుమ ఒక చిన్న బీజం ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న వాయువు దానిపై పడుతుంది. వాయువు అయిపోతుంది, పొర తొలగిపోతుంది. తరువాత ఆ శిశుతార తీరికగా కొన్ని కోట్ల సంవత్సరాలు కుంచించుకుపోయి, లోపల వేడెక్కి, చివరకు ఉదజనిని హీలియంగా మార్చే కేంద్రక సంయోగాన్ని ఆరంభిస్తుంది. అన్నప్రాశన ముందు, ఉద్యోగం తరువాత అన్నట్లు ఎదుగుదల ముందు, వెలుగు తరువాత.

మహాతార విషయంలో ఈ వరుస తారుమారవుతున్నది. బరువెక్కిన కొద్దీ కుంచించుకునే వేగం పెరుగుతుంది. సూర్యునికి కోట్ల సంవత్సరాలు పట్టిన పని దీనికి కొన్ని పదివేల సంవత్సరాలలో పూర్తవుతుంది. అప్పటికి పైనుండి వాయువు ఇంకా పడుతూనే ఉన్నది. తార ఇంకా సగం కూడ పెరగలేదు. లోపల మాత్రం కొలిమి రాజుకున్నది. ఇక చిక్కంతా ఇక్కడే.

కాంతికి బరువు లేకపోయినా తాకిడి ఉన్నది. తోకచుక్క ధూళితోకను సూర్యునికి ఎదురుదిశకు నెట్టేది సూర్యకాంతే. దీనినే వికిరణ పీడనం అంటారు. ద్రవ్యరాశి 10 రెట్లు పెరిగితే గురుత్వం కూడ 10 రెట్లే పెరుగుతుంది. తారాకాంతి మాత్రం కొన్ని వేల రెట్లు పెరుగుతుంది. మేఘంలోని ధూళి ఆ కాంతిని మింగి వెనక్కు నెట్టబడుతుంది. నెట్టబడుతూ తనతోపాటు వాయువును కూడ తోసుకుపోతుంది. దూరంగా జరిగితే తాకిడి తగ్గదా అని మీరడగవచ్చు. తగ్గుతుంది. కాని గురుత్వం కూడ అదే లెక్కన, దూరవర్గానికి విలోమంగా తగ్గుతుంది. కనుక దగ్గరలో ఓడిన వాయువు దూరంలో గెలవలేదు. తార తన వెలుగుతో తన అన్నాన్ని తానే తోసివేసుకుంటున్నదన్నమాట.

ఈ చిక్కును లార్సన్, స్టార్‌ఫీల్డ్ అనే వారు 1971లో లెక్కలతో బయటపెట్టారు. 1974లో ఇంగ్లండులోని ఫ్రాంజ్ కాన్ మరొకసారి గట్టిగా లెక్కించి, సుమారు 40 సూర్యుల వద్ద తార ఎదుగుదల ఆగిపోవాలని తేల్చాడు. లెక్కలో తప్పు లేదు. కాని ఆకాశంలో అంతకు మించిన తారలు ఉన్నవి. మన గెలాక్సీ పక్కనున్న పెద్ద మాజెల్లాన్ మేఘంలో ఒక తార ద్రవ్యరాశిని 2010లో 265 సూర్యులకు సమానంగా అంచనా కట్టారు. 2022లో మరింత సూక్ష్మంగా చూసి ఆ సంఖ్యను 200 పరిసరాలకు తగ్గించారు. తగ్గించినా కాన్ గీసిన గీతకు అది ఐదింతలు. నా ఉద్దేశంలో శాస్త్రంలో ఇంతకంటె ఆరోగ్యకరమైన పరిస్థితి వేరే లేదు. ఒక పక్క నిర్దోషమైన గణితం, మరొక పక్క కళ్లెదుట కాదనలేని నిదర్శనం. రెండూ ఒకదానినొకటి కాదంటున్నవి. అప్పుడు వెతకవలసింది లెక్కలో ముందుగా అంగీకరించిన మాటను.

ఆ అంగీకరించిన మాట ఏమిటంటే: వాయువు అన్ని దిక్కులనుండి సమానంగా, గోళాకారంలో పడుతున్నదని. గణితానికి గోళం సుఖం. మేఘానికి ఆ నియమమేమీ లేదు. ఏ మేఘమైనా ఎంతో కొంత తిరుగుతూనే ఉంటుంది. కుంగినకొద్దీ ఆ భ్రమణం హెచ్చుతుంది. అందువలన వాయువు నేరుగా తారపై పడలేక, కుమ్మరి సారెవలె దాని నడుము చుట్టూ పళ్లెంగా పరచుకొని, తిరుగుతూ తిరుగుతూ లోపలికి జారుతుంది. ఈ పళ్లెం పలుచనిదైనా దట్టమైనది. తార వెలుగు దానిని ఛేదించలేక, ఏమీ అడ్డులేని పైకి, క్రిందికి, అంటే ధ్రువాల వైపు దారి చూసుకుంటుంది. వంటింట్లో ఉడికే కుండమీద మూతను కొంచెం ఓరగా పెడితే ఆవిరి ఆ సందునుండే పోతుంది, మూత ఎగిరిపడదు. అదే విధంగా వెలుగు ధ్రువాల దారిన బయటపడుతుంటే, అన్నం నడుము దారిన లోపలికి వస్తుంది.

1980లలోనే కొందరు ఈ దారి సూచించారు. కాని నిజంగా నిలబడుతుందా అన్న విషయం పెద్ద కంప్యూటర్లు వచ్చేదాకా తేలలేదు. 2009లో మార్క్ క్రుమోల్జ్, ఆయన సహచరులు మూడు దిశలలోను లెక్కించి చూస్తే ఒకే మేఘపుముద్దలో 41 సూర్యుల తార ఒకటి, 29 సూర్యుల తార ఒకటి జంటగా పెరిగాయి. వెలుగు పెద్ద పెద్ద బుడగలుగా పైకి, క్రిందికి ఉబ్బింది. బుడగల గోడల వెంట వాయువు ధారలుగా జారి పళ్లెంలోనికి చేరింది. బుడగగోడలు ఆ విధంగా చిట్లుతాయా లేదా అన్న దానిపై తరువాత ఇతరులు వాదించారు. పళ్లెం విషయంలో మాత్రం ఉభయులదీ ఒకే మాట.

లెక్క సరే, సాక్ష్యం ఏదీ? ఇక్కడ మరొక కష్టం ఉన్నది. మహాతారలు అరుదు. వెయ్యి కాంతి సంవత్సరాల లోపల పుట్టుకలో ఉన్నది ఒక్కటీ లేదు. వాటిలో మనకు అతి సమీపమైనది ఓరియనే. పుట్టుక లక్ష సంవత్సరాలకు అటూఇటూగా ముగుస్తుంది. తారల వయస్సులో అది రెప్పపాటు. పైగా ఆ సమయమంతా అవి ధూళి దుప్పటి కప్పుకొని ఉంటాయి. మామూలు కాంతిలో ఏమీ కనిపించదు. ధూళి మింగిన వెలుగును తిరిగి వేడిగా, పరారుణ కిరణాలుగా వెలువరిస్తుంది. ఆ కిరణాలను పట్టుకోవాలి. 1967లో బెక్లిన్, నాయ్‌గెబావర్ అనే ఇద్దరు ఓరియన్ నీహారికలో మామూలు కంటికి ఏమీ లేని చోట ప్రకాశవంతమైన పరారుణ బిందువును కనుగొన్న సంగతి ప్రకటించారు. అదే సంవత్సరం క్లైన్‌మన్, లో అనేవారు దాని పక్కనే మరింత చల్లని, మరింత విశాలమైన పరారుణ మేఘాన్ని పట్టుకున్నారు. నీహారిక వెనుక దాగిన పురిటిగది అదే.

అయితే దూరపు పరారుణ కిరణాలను మన వాతావరణంలోని నీటి ఆవిరి నేలమీదకు రానివ్వదు. కనుక పరికరాన్ని ఆవిరిపైకి తీసుకుపోవాలి. ఈ ప్రయత్నంలో మన దేశానికి, అందులోను హైదరాబాదుకు, ఒక భాగం ఉన్నది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ఒక మీటరు వ్యాసం గల దర్పణంతో పరారుణ దూరదర్శినిని నిర్మించి, 1980ల నుండి హైదరాబాదులోని తమ బెలూను కేంద్రం నుండి పంపించారు. బెలూను పలుచని పాలిథీన్ పొరతో తయారవుతుంది. పైకి లేపడానికి అందులో నింపేది ఉదజని. విశ్వంలోని ఉదజని మేఘాలను చూడడానికి మనం ఉదజనిమీదనే సవారీ చేశామన్నమాట. దూరదర్శిని 30 కిలోమీటర్లకు పైనుండి తారలు పుట్టే ప్రాంతాలను గంటల తరబడి చూసి, తరువాత గొడుగుమీద నేలకు దిగేది. 1999 నుండి జపాను శాస్త్రజ్ఞుల వర్ణపటమాపకాన్ని దానికే అమర్చి, కర్బనపు అయాన్లు 158 మైక్రాన్ల వద్ద ఇచ్చే వెలుగును కొలిచారు. మహాతారల కిరణాలు మేఘపు అంచును ఎంతవరకు వేడిచేస్తున్నాయో చెప్పే కొలత అది. ఓరియన్ కూడ ఆ పటాలలో ఉన్నది.

బెలూన్లు ఎగిరే రోజులలో పత్రికలలో ఒక ప్రకటన వస్తుంది. మీలో కొందరు చూసి ఉంటారు. పొలంలో గొడుగుతో ఏదైనా పెట్టె దిగితే తెరవవద్దు, కదపవద్దు, పోలీసు స్టేషనుకు తెలపండి, బహుమానం ఇస్తాము అని అందులో ఉంటుంది. గాలి ఎటు తీసుకుపోతే అటు, తెలంగాణ జొన్నచేలలోనో, కర్ణాటకలోనో, మహారాష్ట్రలోనో ఆ పెట్టె దిగుతుంది. ఆ రైతు దానిని విప్పకుండా కాపలా కాయడం కూడ ఈ పరిశోధనలో ఒక అంగమే. గ్రంథాలలో ఆయన పేరు ఉండదు. ఈనాడు మన పరిశోధకులకు పూనా దగ్గర ఖోడద్ వద్దనున్న 30 రేడియో పళ్లాలు, లడఖ్‌లో హాన్లే వద్దనున్న 2 మీటర్ల దూరదర్శిని, కుమావూ కొండలలో దేవస్థల్ వద్దనున్న 3.6 మీటర్ల దూరదర్శిని అందుబాటులో ఉన్నవి. మూడూ ఈ మేఘాల మీద పనిచేశాయి.

ఇక పళ్లెం మాట. 2010లో చిలీ దేశంలోని యూరోపియన్ దక్షిణ వేధశాలలో అనేక దూరదర్శినులను జతచేసి, సుమారు 20 సూర్యుల శిశుతార చుట్టూ ధూళిపళ్లెం ఉన్నట్లు చూశారు. 2015లో మరొక శిశుతార, అదీ 20 సూర్యులంతటిదే, ఉన్నట్టుండి ఐదారు రెట్లు వెలిగింది. పళ్లెంనుండి పెద్ద ముద్ద ఒకేసారి జారిపడడమే అందుకు కారణం. అంటే భోజనం ధారగా కాదు, ముద్దలు ముద్దలుగా సాగుతుంది. 2023లో మాజెల్లాన్ మేఘంలోనే, మన గెలాక్సీ వెలుపల మొదటిసారిగా, ఇటువంటి పళ్లెం భ్రమణాన్ని కొలిచారు.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది ఓరియన్‌లోనిదే. క్లైన్‌మన్, లో చూపిన ఆ పురిటిగదిలో ఒక శిశుతార ఉన్నది. దాని ద్రవ్యరాశి సుమారు 15 సూర్యులు. దాని చుట్టూ ఉన్న పళ్లెంలో 2019లో చిలీలోని ఆల్మా రేడియో దూరదర్శినుల ద్వారా ఉప్పు ఆవిరి కనిపించింది. ఉప్పు అంటే అలంకారం కాదు. సోడియం క్లోరైడు, మనం పప్పులో వేసుకునేదే. ఆ ఉప్పు తరంగాల సహాయంతోనే పళ్లెం ఎంత వేగంతో తిరుగుతున్నదో కొలిచి, తార బరువు కట్టారు.

ఆ గదిలో ఒక కలహం కూడ జరిగింది. ఈ శిశుతార, బెక్లిన్, నాయ్‌గెబావర్ల తార రెండూ ఇప్పుడు ఒకదానినుండి ఒకటి వేగంగా దూరమవుతున్నవి. వాటి దారులను వెనక్కు గీస్తే సుమారు 500 సంవత్సరాల క్రిందట, మన విజయనగర కాలంలో, రెండూ ఒకే చోట కలుస్తాయి. (వెలుగు ప్రయాణకాలాన్ని మినహాయించి చెబుతున్నాను.) ఇరుకు చోట పెరుగుతున్న తారలు ఒకదానినొకటి విసిరివేసుకున్నవి. ఆ తాకిడికి వాయువు చేతివేళ్లవలె నలుదిక్కులకు చిమ్మిన జాడలు ఇప్పటికీ ఉన్నవి. గోళాకారపు ప్రశాంత పతనం ఎక్కడ, ఈ తోపులాట ఎక్కడ!

ఇక మిగిలిన వివాదం అన్నం ఎక్కడనుండి వస్తున్నదన్నది. ఇంత చల్లని మేఘంలో కుంగే ముద్ద సహజంగా ఒక్కొక్క సూర్యునంత చిన్న ముక్కలుగా విడిపోవాలి. మరి ఒకే తారకు 30 సూర్యుల సరుకు ఎలా దక్కుతుంది? సుడులు, అయస్కాంత క్షేత్రం పెద్ద ముద్దను చీలిపోకుండా పట్టి ఉంచుతాయని ఒక పక్షం. అన్నీ చిన్న బీజాలుగానే పుడతాయనీ, మేఘం నడుమ కూర్చున్నది మాత్రం అందరి వాటా తానే తింటుందనీ మరొక పక్షం. 2009లో ఎగిరిన హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని మేఘాలనిండా పొడవైన నూలుపోగులవంటి ధారలను చూపింది. ఆ పోగులు కలిసే ముడుల వద్దనే మహాతారలు తరచుగా పుడుతున్నవి. వాగులు కలిసేచోట చెరువు నిండినట్లు, దూరపు సరుకు పోగుల వెంట ముడికి చేరుతున్నది. తార దినదినమూ తినే వేగాన్ని చూస్తే, వెయ్యి నుండి పదివేల సంవత్సరాలకు ఒక సూర్యునంత సరుకు కావాలి. పక్కనున్న ముద్ద ఒక్కటే దానికి చాలదనిపిస్తుంది. నా మొగ్గు రెండవ పక్షానికే. అయితే ఈ సభలో ఉన్నవారిలో ఎవరైనా పదేళ్లలో నన్ను తప్పుపట్టవచ్చు.

మనకు వీటితో ఏమి పని అంటారా? పీల్చే ప్రాణవాయువులో అత్యధికభాగం ఇటువంటి తారలు వండి, పేలిపోయి, వెదజల్లినదే. వెదజల్లడం ఒక్కటే కాదు, పాడుచేయడం కూడ వాటి పనే. ఓరియన్‌లోని ఆ నాలుగు తారల చుట్టూ చిన్న చిన్న శిశుతారలు వందల కొద్దీ ఉన్నవి. ఒక్కొక్కదానికి గ్రహాలు ఏర్పడదగిన పళ్లెం ఉన్నది. 1990లలో హబుల్ దూరదర్శిని తీసిన చిత్రాలలో ఆ పళ్లేలు పెద్దతార వెలుగుకు ఆవిరైపోతూ, తోకచుక్కలవలె తోకలు విడుస్తూ కనిపించాయి. మన సూర్యుడు కూడ ఏదో మహాతారకు పొరుగున పుట్టి ఉండాలి. 1969లో మెక్సికోలో పడిన అయెండే ఉల్కాశిలలో, ఏనాడో క్షయించిన అల్యూమినియం-26 జాడను 1976లో కనుగొన్నారు. అర్ధాయువు సుమారు 7 లక్షల సంవత్సరాలే గల ఆ పదార్థం మన పళ్లెంలో ఉన్నదంటే, దానిని తయారుచేసిన మహాతార కాలంలోను, దూరంలోను దగ్గరలోనే ఉండి ఉంటుందని పలువురి అభిప్రాయం. ఆ తార మన పళ్లేన్ని పూర్తిగా ఆవిరి చేయలేదు కనుక మనం ఇక్కడ కూర్చుని ఉన్నాము.

ఈ రాత్రి మబ్బు లేకపోతే ఒక పని చేయండి. ఎవరి వద్దనైనా చిన్న దూరదర్శిని దొరికితే ఓరియన్ నీహారికలోని ఆ నాలుగు తారలను చూడండి. తరువాత వాటికి వాయవ్యంగా, చంద్రబింబపు వెడల్పులో ముప్పయ్యవ వంతు దూరంలో, చూపు నిలపండి. అక్కడ మీకు ఏ తారా కనిపించదు. ఉప్పు పళ్లెం చుట్టుకొని, 15 సూర్యుల బరువుతో, ధూళి వెనుక ఉన్న ఆ శిశువు అక్కడే ఉన్నది.